చలిదేశపు నవ్వులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉదయమునుండి పెద్దలు గ్రంథాలయోద్యమమును గూర్చి గంభీరములైన ప్రసంగములు చేసిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసిన నాటి ముచ్చటలు విని మనమందరము గర్వించితిమి. భోజనానంతరము మాటాడవలసిన నాకు మాత్రము కార్యదర్శిగారు ఒకే షరతు పెట్టిరి: “ఎవరును కునుకు తీయకుండ చూడుడు.” అందుచేత నేను నవ్వులను గూర్చి మాటాడ నిశ్చయించితిని. అవియు మన నవ్వులు గావు, కెనడా దేశపు నవ్వులు.

నెక్కొండకును కెనడాకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. ఒకప్పుడు మన స్టేషనులో రైలెక్కిన పిల్లవాడు కాజీపేటలోనో విజయవాడలోనో దిగెడివాడు. నేడు మిరపబస్తా ఏనుమాముల మార్కెట్టుకు పోయినంత తేలికగా మన పిల్లలు టొరంటోకును ఎడ్మంటనుకును పోవుచున్నారు. ఇచ్చట కూర్చున్న కొందరి ఇండ్లలో, మోకాలిలోతు మంచున నిలుచున్న మనుమల ఫోటోలు గోడలకు వ్రేలాడుచున్నవి. నేనును బడి ఉద్యోగము విరమించిన పిమ్మట మా అమ్మాయి ఇంట, ఎడ్మంటన్ నగరమున, ఒక చలికాలమంతయు గడిపి వచ్చితిని.

ప్రయాణమునకు ముందు మన ఊరివారు నన్నడిగిన ప్రశ్నలు ఇప్పటికిని జ్ఞాపకమున్నవి. “సారూ, మంచుగడ్డలతోని ఇల్లు కడ్తరట గదా, పొయ్యి ముట్టిస్తే కరిగిపోదా?” అని ఒకరు. “గోడకు మేకెట్ల కొడ్తరు?” అని ఒక మేస్త్రీ. “బయటనే గంత చల్లగుంటె మళ్ల ఫ్రిజ్ ఎందుకు, పైసలు దండుగ!” అని కిరాణా దుకాణదారుడు. ఈ మూడింటిలో మూడవది చాల తెలివైన ప్రశ్న. దానికి సమాధానము ఎడ్మంటను చేరిన మూడవనాడు దొరకెను. అచ్చట చలికాలమున ఫ్రిజ్ యొక్క పని వస్తువులను చల్లబరచుట కాదు, గడ్డకట్టకుండ కాపాడుట. సున్నకు ముప్పది డిగ్రీలు దిగువనున్న రాత్రి పాలగిన్నెను వాకిట నుంచినచో తెల్లవారుసరికి రుబ్బురోటి పొత్రమగును.

ఇక మంచు ఇంటి సంగతి. “ఇగ్లూ” అను మాటకు ఆ దేశపు ఉత్తరపు కొసన నివసించు ఇన్యూయిట్ జనుల భాషలో “ఇల్లు” అని మాత్రమే అర్థము. చెక్కతో కట్టినను అది ఇగ్లూయే. మంచుదిమ్మలు పేర్చి కట్టునది ముఖ్యముగా వేటకు పోయినవారి తాత్కాలికపు బస, మన రైతు చేనిలో వేసికొను మంచె వంటిది. మంచెను చూచి, తెలుగువారందరును నాలుగు గుంజలమీద కాపురముందురని ఎవడైన వ్రాసినచో ఎట్లుండును? పొయ్యి ముట్టించినచో కరగదా అన్న ప్రశ్నకును సమాధానము కలదు. గట్టిపడిన మంచులో గాలి చిక్కుకొని యుండును. చిక్కుకొన్న గాలి వేడిని త్వరగా బయటికి పోనీయదు. దూది పరుపు వెచ్చగానుండుటకు కారణమిదియే గదా. ప్రత్తి పండించువారికి నేను వివరింప నక్కరలేదు. లోపలి మనుష్యుల ఒంటివేడికిని, చిన్న నూనెదీపమునకును ఆ గది బయటికన్న ఎంతో వెచ్చబడును. గోడ లోపలిపొర కొంచెము కరిగి, మరల గడ్డకట్టి, ఇల్లు మరింత గట్టిపడును. మేకు సంగతి మాత్రము నేనడుగలేదు.

అసలు కెనడావారిలో అత్యధికులు ఇట్టి ఇంటిని బొమ్మలలో తప్ప చూచి యెరుగరు. వైశాల్యములో ప్రపంచమున రెండవదైన ఆ దేశపు జనసంఖ్య నాలుగు కోట్లకు కొంచెము పైన. వారిలో ఇంచుమించు మూడింట రెండువంతులవారు అమెరికా సరిహద్దునకు 100 కిలోమీటర్లలోపలనే ఉన్నారు. పటము తెరచి చూడుడు, టొరంటో నగరము పారిసుకన్నను లండనుకన్నను దక్షిణమున నున్నది. పడమటి తీరమందలి వాంకూవరులో చలికాలమున మంచుకన్న వానయే ఎక్కువ. “కెనడా అనగా మంచు” అను మాట అబద్ధము కాదు గాని, “తెలంగాణ అనగా ఎండ” అనుట ఎంత నిజమో అంతయే నిజము.

నాకు వింతగా తోచినది వేరొకటి. మనము వారిపై చేయు పరిహాసమునకు పదిరెట్లు వారే తమపై చేసికొందురు. బస్సుకొరకు ఎదురుచూచుచుండగా పరిచయమైన ఒక వృద్ధుడు, “మాకు ఋతువులు రెండే. ఒకటి చలికాలము, రెండవది రోడ్డు మరమ్మతుల కాలము” అనెను. ఇది అచ్చట అందరును చెప్పుకొను పాతమాటయే. అయితే దానిలో రోడ్డు ఇంజనీరు పాఠమంతయు ఇమిడియున్నది. రోడ్డు పగుళ్ళలోనికి దిగిన నీరు గడ్డకట్టునప్పుడు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బును. ఉబ్బి రోడ్డును పైకెత్తును. కరగినప్పుడు అడుగున బోలుపడి గుంత యగును. తారు పని చలిలో సాగదు గావున వేసవియంతయు మరమ్మతులే. మనమును మూడు ఋతువులు లెక్కింపవచ్చును: ఎండకాలము, వానకాలము, గుంతలు పూడ్చెదమని చెప్పుకాలము.

అట్టిదే మరియొకటి. రాత్రి మంచు కురిసినచో తెల్లవారి పారతో వాకిలి శుభ్రపరచుకొనవలెను. మన ఆడవారు వాకిలి ఊడ్చి అలుకు చల్లినంత నిష్ఠతో మా అల్లుడు గంటసేపు ఆ పని చేసి నడుము పట్టుకొని లోనికి వచ్చెడివాడు. అంతలో మున్సిపాలిటీవారి పెద్ద యంత్రము వీధిలోని మంచును ప్రక్కకు నెట్టుకొనుచు వచ్చి, సరిగా మా వాకిలికి అడ్డముగ ఒక గట్టు పోసి పోయెడిది. “దేవుడు ఒకసారి కురిపించును, మున్సిపాలిటీ రెండవసారి కురిపించును” అని పొరుగింటివాడు నవ్వెడివాడు. పార మాత్రము అతని చేతిలోను ఉండెడిది.

కార్ల ముక్కులనుండి కరెంటు తీగ వ్రేలాడుట చూచి నేను, ఇవన్నియు విద్యుత్తుతో నడచు క్రొత్తరకపు బండ్లనుకొంటిని. కాదు, అవి పెట్రోలు బండ్లే. గడ్డుచలికి ఇంజనులోని నూనె చిక్కబడి యంత్రము తిరుగదు. కావున రాత్రియంతయు చిన్న హీటరు పెట్టి ఇంజనును వెచ్చగా నుంచుదురు. పుష్యమాసమున మన ఇండ్లలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టినప్పుడు ఎండలో పెట్టుట లేదా? అదియే ఇది. “మేము రాత్రి పిల్లలకు దుప్పటి కప్పి, కారుకు కరెంటు పెట్టి పడుకొందుము” అని వారి చమత్కారము.

చలికాలమున ఇనుపకంబమును నాలుకతో తాకరాదని పిల్లలకు చెప్పు హాస్యకథలు అచ్చట ఎన్నియో ఉన్నవి. చెప్పవలసివచ్చుటకు కారణము, ప్రతి తరములోను ఎవడో ఒకడు తాకి చూచుటయే. ఇనుము నాలుకలోని వేడిని క్షణములో లాగుకొనును, తడి గడ్డకట్టి నాలుక కంబమునకు అతుకుకొనును. లాగినచో చర్మము ఊడును. గోరువెచ్చని నీరు పోయవలెను. నవ్వించుచు చెప్పిన ఈ వైద్యము ఏ పిల్లవాడును మరువడు. క్రొత్తగా పోవు మన పిల్లలకు ఇట్టి నవ్వులు విమానపు టిక్కెట్టుతో పాటు ఇచ్చి పంపదగినవి.

చలి పెరిగినకొలది కథలును పెరుగును. 1947 ఫిబ్రవరి 3న యూకాన్ ప్రాంతమందలి స్నాగ్ అనుచోట సున్నకు 63 డిగ్రీలు దిగువకు వేడిమి పడిపోయెను. కొలసాధనముపై అంకెలు అయిపోయినందున పరిశీలకుడు అడుగున గీత గీసి ఉంచవలసివచ్చెను. ఎంతో దూరమునుండి మాటాడిన మాటయు స్పష్టముగ వినబడెనట. అట్టి చోట రహస్యములు చెప్పుకొనుట కష్టమే!

వారి వినయముపైనను హాస్యము కలదు. మీరు వారి కాలు త్రొక్కినను క్షమాపణ చెప్పునది వారే. ఈ అలవాటు ఎంతవరకు పోయెననగా, 2009లో అంటారియో రాష్ట్రమువారు ఒక శాసనమే చేసిరి. ఎవరైన “క్షమింపుడు” అన్నంతమాత్రమున దానిని నేరము ఒప్పుకొన్నట్లుగా న్యాయస్థానము గ్రహింపరాదని ఆ శాసనము. దీనిని విని మా బంధువొకరు పొట్ట చెక్కలగునట్లు నవ్విరి. నాకంత నవ్వు రాలేదు. మన కాలు ఎవరికైన తగిలినచో వారిని తాకి కళ్ళకద్దుకొందుము గదా. బస్సులో, రైలులో, కిక్కిరిసిన జనములోను ఆ పని మానము. ఎడ్మంటను వృద్ధుడు మన జాతరకు వచ్చినచో మనలను చూచి ఏమి కథలల్లునో!

మరియొక చిత్రము. అంటారియోలోను, తూర్పు రాష్ట్రములలోను పాలు సంచులలో అమ్ముదురు. మూడు సంచులు కలిపి నాలుగు లీటర్లు. దీనిని చూచి అమెరికావారు విరగబడి నవ్వుదురట. టొరంటోలో మా బంధువుల ఇంట ఈ సంగతి నాకు ఎంతో ఆర్భాటముగ చూపిరి. ఎంత ఆలోచించినను ఇందులో నవ్వవలసినది ఏమున్నదో నాకు బోధపడలేదు. తెల్లవారి పాల ప్యాకెట్టు కొనువానికి పాలు సంచిలో గాక ఇంకెందులో వచ్చును? ఒకరికి వింతయైనది మరియొకరికి దినచర్య. నవ్వు వస్తువులో లేదు, చూచువాని ఇంటిలో నున్నది.

వారి మేపుల్ పాకము మన గౌడసోదరులకు వెంటనే అర్థమగును. చలికాలము ముగియు దినములలో, రాత్రి గడ్డకట్టి పగలు కరగు వేళ, మేపుల్ చెట్టునకు చిన్నరంధ్రము చేసి రసము తీయుదురు. రమారమి 40 లీటర్ల రసము కాచినగాని ఒక లీటరు పాకము రాదు. మొగిచెక్కుట లేదు గాని తక్కిన ఓపిక అంతయు తాటిచెట్టు వద్దనుండునదే. క్విబెక్ రాష్ట్రపు ఉత్పత్తిదారులు, పంట తక్కువైన ఏడు ఇబ్బంది రాకుండ పాకమును పీపాలలో నిలువ చేయుదురు. మన ధాన్యపు గిడ్డంగివలె అది పాకపు గిడ్డంగి. 2012లో లెక్క చూడగా సుమారు 3,000 టన్నుల పాకము మాయమై యుండెను. దాని వెల ఒక కోటి ఎనుబది లక్షల డాలర్లకు పైన. దొంగలు కొన్ని పీపాలలో నీరు నింపి ఉంచిరి. కల్లులో నీరు కలుపువారిని మనమెరుగుదుము. అంతయు తీసి నీరే పోసినవారిని నేను అచ్చటనే వింటిని.

ఈ నవ్వులన్నిటిలోను ఒక సామాన్యగుణము కలదు. చెప్పువాడు ఆ చలిలో నిలబడియున్నాడు. వాని మాట వెనుక పార పట్టిన చేయియు, గడ్డకట్టిన మీసమును ఉన్నవి. “మంచుఇంట మేకెట్ల కొట్టుదురు” అన్నమాట వెనుక అట్టిదేమియు లేదు. తీయదనములో రెండును ఒక్కటివలెనే తోచును, కాని రెండవది బయటినుండి వచ్చినది.

బయటివారి బొమ్మను లోనివారు ఎట్లు తిరుగవేయుదురో ఒక ఉదాహరణము చెప్పెదను. 1980లో అచ్చటి టెలివిజనులో ఒక హాస్య కార్యక్రమము వచ్చుచుండెను. కెనడాదని స్పష్టముగ తెలియునట్టి రెండు నిమిషముల భాగము చేర్చవలెనని ప్రసారసంస్థవారు కోరిరి. రిక్ మొరానిస్, డేవ్ థామస్ అను నటులకు ఈ కోరిక వెటకారముగ తోచెను. “కెనడా కావలెనా? ఇదిగో!” అని ఉన్నిటోపీలు తగిలించుకొని, బీరుసీసాలు ముందుంచుకొని, ప్రతి మాటకు చివర “ఏ” అని ఊతపదము చేర్చుచు, ఇద్దరు మొద్దన్నదమ్ములవలె పిచ్చాపాటి మొదలిడిరి. అధికారులను ఆటపట్టించుటకు చేసిన ఆ భాగమే దేశమంతట మారుమ్రోగెను. 1983లో ఆ అన్నదమ్ములపై చలనచిత్రము కూడ వచ్చెను. అంతకు ముందు 1972లో రేడియోలో పీటర్ గ్జోవ్‌స్కీ అను ప్రయోక్త తన శ్రోతలకు ఒక పోటీ పెట్టెను: “కెనడావానికి అచ్చమైన గుర్తు ఏమి? ఒక్క పోలికలో చెప్పుడు.” గెలిచినది పదునేడేండ్ల బాలిక. ఆమె పోలిక ఏదియు చెప్పలేదు. “పరిస్థితులు అనుమతించినంత మేరకు కెనడావాడు” అని మాత్రము వ్రాసెను.

ఆ దేశపు హాస్యరచయితలలో పెద్దవాడు స్టీఫెన్ లీకాక్. మాంట్రియల్‌లో అర్థశాస్త్రము బోధించిన ఆచార్యుడు. 1912లో ఒక చిన్న పట్టణపు కథలు పుస్తకముగ వెలువరించెను. పేరు మార్చినను అది తాను వేసవులు గడుపు ఒరిల్లియా పట్టణమేనని అందరును గుర్తుపట్టిరి. నేడు ఆ ఒరిల్లియాలోనే ఆయన ఇల్లు ప్రదర్శనశాలగ నున్నది, ఆయన పేర 1947 నుండి హాస్యరచనకు పతకమిచ్చుచున్నారు. ఇంతకన్న దగ్గరివాడు మనకున్నాడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొగల్తూరినుండి బయలుదేరి చలిదేశమగు స్కాట్లండులో ఎడింబరో నగరము చేరెను. శాస్త్రిగారును అచ్చట చదివినవారే. తలచినచో దొరల అలవాట్లపై గుప్పెడు హాస్యము చల్లగలరు. కాని ఆడవారి టోపీ పెట్టుకొని నవ్వులపాలైనది మన పార్వతీశమే. చదివిన తెలుగువాడెవ్వడును అవమానపడలేదు, అందరును పార్వతీశమును ఇంటివానిగ చేసికొనిరి. మన గ్రంథాలయములో ఆ పుస్తకపు అట్ట ఎన్నిమారులు ఊడినదో పుస్తకపాలకులవారిని అడుగుడు.

బయటి బొమ్మ ఎంత దూరము పోగలదో కూడ చూడవలెను. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ అనునతడు ఇన్యూయిట్ వేటగాని జీవితమని “నానూక్ ఆఫ్ ది నార్త్” అను చిత్రము తీసెను. లోకము మెచ్చిన చిత్రము. అందులో వేటగాడు గ్రామఫోను పళ్ళెమును నోట పెట్టి కొరికి చూచును. ప్రేక్షకులు నవ్విరి. ఆ యంత్రము వారికి క్రొత్తది కాదు, కొరుకుట నటన. తుపాకితో వేటాడు అలవాటున్నవారిచేత చిత్రము కొరకు బల్లెము పట్టించిరి. కెమెరాకు వెలుతురు చాలదని ఇగ్లూను సగము తెరచి కట్టించి, ఆ చలిగాలిలో వారిని వెచ్చగా పడుకొన్నట్లు నటింపజేసిరి. ఆయన పేరైనను నానూక్ కాదు, అల్లకారియల్లక్.

ఈ కథ విన్నప్పుడు నాకు మన సంగతియే జ్ఞప్తికి వచ్చెను. దశాబ్దములపాటు తెలుగు చలనచిత్రములలో నాయకుడు ఒక యాస మాటాడెను, రౌడీయు హాస్యగాడును మరియొక యాస మాటాడిరి. ఆ రెండవది మనది. హాలులో మనమును నవ్వితిమి. బడిలో నేను చూచినది వేరు. పై చదువులకు పట్నము పోయివచ్చిన పిల్లలు “తొవ్వ” అనబోయి “దారి” అనుచు, “ఎరుకలేదు” అనబోయి “తెలియదు” అనుచు, ఇనుపకంబమునకు నాలుక అంటుకొన్నవారివలె మధ్యలో ఆగిపోయెడివారు. ఆ నాలుకలు ఊడివచ్చుటకు చాలకాలము పట్టెను. మడికొండలో పెరిగిన మన కాళోజీ జన్మదినమగు సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. 2017లో “ఫిదా” చిత్రపు నాయిక బాన్సువాడ పిల్లగ మన మాట మాటాడెను. 2023లో “బలగం” వచ్చినప్పుడు చావింటిలో కూడ మనవారిని చూచి మనము నవ్వితిమి. ఆ నవ్వులో ముల్లు లేదు.

ఇన్యూయిట్‌లకును తమ వంతు వచ్చెను. 2006లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థవారి తరఫున ఒక హాస్యచిత్రము వెలువడెను. అందులో ఇన్యూయిట్‌లు పండితులవలె కూర్చుండి తెల్లవారిని పరిశీలింతురు. వారి ప్రేమ వ్యవహారములు, నేలనంతయు సొంతము చేసికొనవలెనను యావ, ధ్రువయాత్రలలో పొందిన పరాభవములు, అధికారుల పెత్తనము, అన్నియు శాస్త్రీయముగ చర్చింతురు. తెల్లవారిని వారి భాషలో “కల్లునాత్” అందురు, చిత్రమునకు ఆ పేరే పెట్టిరి. మన కల్లుతో ఎట్టి సంబంధమును లేదు.

మా మనుమరాలు ఎడ్మంటను బడిలో నాలుగవ తరగతి చదువుచున్నది. ఒకనాడు తోటిపిల్లలు, “మీ తాత ఏనుగుమీద వచ్చెనా?” అని అడిగిరట. “మరి నీవేమంటివి బిడ్డా?” అంటిని. “మీరు ఇగ్లూలో ఉంటరా అని అడిగిన తాతా” అనెను. అందరును నవ్విరట, అంతటితో సరి. తరువాత అది నన్నొక ప్రశ్న వేసెను: “ఇక్కడ వీళ్ళ మీద వీళ్ళే జోకులు చెప్పుకుంటరు కదా, నెక్కొండోళ్ళు నెక్కొండ మీద ఏం చెప్పుకుంటరు?”

నేను కొంత ఆలోచించి, మిరప కాలపు ముచ్చట చెప్పితిని. మిరపకాయలు కళ్ళములలో ఆరబోసి, బస్తాలు తొక్కి, లారీల కెత్తుదినములలో ఊరిలోని గాలియంతయు ఘాటే. అప్పుడు రైలు దిగి తుమ్మినవాడు పరాయివాడు, తుమ్మనివాడు మన ఊరివాడు. టిక్కెట్టు చూడవలసిన పని లేదు. మనుమరాలు కడుపుబ్బ నవ్వి, ఉన్నట్టుండి ఆగి, “తాతా, మరి నేను తుమ్ముతనా?” అని అడిగెను.

వచ్చే మార్చి సెలవులలో వచ్చుచున్నది. అప్పటికి కళ్ళములు నిండుగనే యుండును.